ఓరమూతమ్మ తల్లి టీ నైవేద్యం

మలేసియాలో ఈపో పట్టణం దాటాక, సున్నపురాతి గుట్టల వరుసలో శ్రీ ఓరమూతమ్మవారు వెలసి ఉన్నారు. అమ్మవారికి విగ్రహం లేదు. కుండలా గుండ్రంగా, లోపల గుంటగా ఉన్న ఒక బండ, దాని మీద ఓరగా జరిగిన పలకరాయి, ఆ సందులోంచి ఊరే చల్లని నీరు, ఇదే అమ్మవారి రూపం. భక్తులకు మనవి: ఆ పలకను సరిచేయవద్దు. మూడు భాషల్లో బోర్డు పెట్టాం. అయినా వచ్చిన ప్రతివారూ "అయ్యో, అమ్మవారి మూత తెరిచి ఉందే" అని జరిపేవారే. చెప్పీ చెప్పీ అర్చకుల నోరు పడిపోతోంది. అందుచేత అసలు కథ ఇక్కడ వివరంగా రాయిస్తున్నాం.

పూర్వం ఇక్కడ రబ్బరు తోట ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువారు తోటలో కూలీలకు వరుసగా కట్టిన లైను ఇళ్లలో కాపురం ఉండేవారు. వాళ్ల పశువులను కాసేవాడు పైడయ్య. మంచివాడే గాని ముక్కు మీద కోపం. గుట్ట మీద ఈ బండలో ఊరే ఊట ఒక్కటే లైను మొత్తానికి నీటి ఆధారం. ఒక ఏడు ఆ ఊట చుక్క లేకుండా ఎండిపోయింది. నీళ్లు లేని చోట మనుషులను ఉంచలేనని తోట దొర తేల్చేశాడు. వారం తిరిగేసరికి లారీలు తెప్పించి, ఒక్కో కుటుంబాన్ని ఒక్కో తోటకు పంపేస్తానన్నాడు. అక్క ఒకచోట, చెల్లెలు ఒకచోట. ఒకే ఓడలో వచ్చినవాళ్లు మళ్లీ ఒకరి మొహం ఒకరు చూస్తారన్న ఆశ లేదు.

పైడయ్యకు ఒళ్లు మండిపోతోంది. దానికి తోడు ఈ బండ ఒకటి. ఎండిన గుంటలో దూడలు కాళ్లు విరగ్గొట్టుకుంటాయని రోజూ సాయంత్రం పలకరాయిని నెట్టి మూసేవాడు. తెల్లారి చూస్తే ఓరగా తెరిచి ఉండేది. మళ్లీ మూసేవాడు. మళ్లీ తెరిచి ఉండేది. ఇది లియోంగ్ పనేనని తగువుకు పోయాడు. లియోంగ్ చైనాలోని కాంటన్ సీమవాడు, గుట్ట పక్కన టీదుకాణం నడిపేవాడు. తగరపు గని మూతపడి తనవాళ్లు వెళ్లిపోయినా తాను మాత్రం ఉండిపోయి, తెలుగువాళ్ల మాటే నేర్చుకున్నాడు.

"రాళ్లు తోసుకుంటా కూకోడానికి నాకేటి పనిలేదేటన్నా?" అని అతను కసిరాడు.

ఆ మధ్యాహ్నం పశువుల దగ్గర కునుకు తీస్తుంటే పైడయ్యకు అమ్మవారు కలలో కనిపించింది. చిరునవ్వుతో కాదు, విసిగి వేసారి.

"ఒరే పైడిగా! నాను తెరిస్తే నువ్వు మూస్తావేటిరా? ఆ టీదుకాణం ముందు నుంచే రోజూ గొడ్లు తోల్తావు గదా. ఆడేటి జరుగుతందో ఒక్కపాలైనా సూసినావా?"

పైడయ్య లేచి పరుగున వెళ్లి చూశాడు. కూర్చున్నవాళ్లు కూజాలో టీ అయిపోగానే మూత తీసి ఓరగా పెడుతున్నారు. ఎవరూ నోరు విప్పి అడగడం లేదు. లియోంగ్ తనే చూసుకుని వేడినీళ్లు తెచ్చి పోస్తున్నాడు. మూత ఓరగా ఉంటే పొయ్యమని అడిగినట్టేనన్నాడు. గనివాళ్లు ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున ఆ బండకు టీ పోసి, అక్కడే కూర్చుని ఫలహారం చేసేవారనీ, వాళ్లు పోయాక ఆ తల్లిని అడిగినవాడు లేడనీ చెప్పాడు. ఆకలని అడిగిన నోటికి ఇన్నాళ్లూ తానే మూత పెట్టానని తెలిసి పైడయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఇక ఆగలేదు. దుకాణానికి ఎక్కడో వాగు నుంచి మోసి తెచ్చుకున్న నీళ్లతో బిందెడు టీ కాయించి బండలో కుమ్మరించాడు. చుక్క ఊరలేదు. మరో బిందె తెచ్చాడు. అదీ అంతే.

"ఇంకేటి కావాలో సెప్పి సావవేటే తల్లీ! లారీలొచ్చేత్తన్నాయి!" అని బిందె నేలకేసి కొట్టాడు.

వెనకే వచ్చిన లియోంగ్ తల పట్టుకున్నాడు. "గొడ్డుకి కుడితి పోసినట్టు పోసేసి పోతావేటన్నా? టీ అంటే కూకోవాల. పక్కోడి కప్పులో పోసినాకే మన కప్పు. ఇంత తినాల, ఇంత మాటాడాల. ఒక్కరితినే తాగమంటే ఏ తల్లి తాగుతాది?"

అంటూనే దుకాణంలోని వెదురు బుట్టలన్నీ మోయించుకొచ్చాడు. అందులోని డిమ్ సమ్ చూసి లైను ఆడవాళ్లు, ఇవి మన ఆవిరి కుడుములేనని తామూ వండి తెచ్చారు. మూటలు కట్టుకున్నవాళ్లంతా, కలిసి తినడం ఇదే ఆఖరనుకుని బండ చుట్టూ కూర్చున్నారు. అమ్మవారికి పోశారు, పక్కవారికి పోశారు. ఏడుస్తూనే తిన్నారు, తింటూనే పాత కబుర్లు చెప్పుకున్నారు. లారీలు వచ్చి హారన్లు కొట్టాయి. దొర గడియారం చూపించి అరిచాడు. ఎవరూ కదల్లేదు, ముక్కోపి పైడయ్య కూడా లేవలేదు. అంతలో పలకరాయి కింద బుడబుడమని చప్పుడైంది. నీరు ఎగదన్ని, అంచులు దాటి, దొర బూట్లు తడిపింది. లారీలు ఖాళీగా వెనక్కి పోయాయి.

నేడు ఆ తోట లేదు, లైను ఇళ్లూ లేవు. అయినా ప్రతి ఆదివారం ఉదయం ఆ కుటుంబాలవారు వెదురు బుట్టలతో వచ్చి అమ్మవారికి టీ, కుడుములు నివేదిస్తారు. ఇక్కడ టీయే తీర్థం, దాన్ని ఎవరికి వారు పోసుకోరాదు. నిలబడి పుచ్చుకోరాదు. కారు ఇంజను ఆపకుండా వచ్చేవారికి అర్చకులు సమాధానం చెప్పరు. ఆస్తి తగాదాలతో మాటలు మానుకున్న అన్నదమ్ములను మాత్రం దగ్గరుండి ఎదురెదురుగా కూర్చోబెడతారు. కోపం ఉంటే ఉండనీ, ఒకరి కప్పులో ఒకరు పోయవలసిందే. పోసినవారికి నోరు తెరిచి ఏమీ చెప్పనక్కర్లేదు. కాంటన్ వారి పద్ధతిలో, కప్పు పక్కన రెండు వేళ్లతో మెల్లగా తడితే చాలు, అదే దండం పెట్టినట్టు. ఆ చప్పుడు కోసం ఎదుటివాడు ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నాడో అమ్మవారికి తెలుసు.