కప్పల పేటలో నూటికి నూరు

నల్లవాగు అడవిలో ఎండలు ముదిరాయంటే వాగు సన్నబడి, ఒక్క రాళ్ళ మడుగులో తప్ప ఎక్కడా నీళ్ళు మిగలవు. ఆ మడుగులో ఎవరు ముందు తాగాలి, ఎవరు వెనక తాగాలి అన్నది తేల్చేది వాగు పెద్ద. ఐదేళ్ళకోసారి అడవంతా ఓట్లేసి ఆ పెద్దను ఎన్నుకుంటుంది. వరసగా రెండుసార్లు ఆ పీట ఎక్కినవాడు కోరప్ప అనే తోడేలు. అతగాడి ఏలుబడిలో ముందు తోడేళ్ళు తాగేవి, తర్వాత తోడేళ్ళ చుట్టాలు, ఆ తర్వాత చుట్టాల చుట్టాలు. మేకలకూ కుందేళ్ళకూ గాడిదలకూ వంతు వచ్చేసరికి మిగిలేది బురద.

ఆ బురద కోసమే పోయిన వేసవిలో రేవమ్మ అనే గాడిద పిల్లను వెంటబెట్టుకుని మూడు రోజులు వరసలో నిలబడింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల వరసలోనే కూలిపోయింది, మళ్ళీ లేవలేదు. రేవమ్మ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒకరోజు ఏడుపు ఆపేసి, కాకినీ తాబేలునూ ఏదుపందినీ పిలిచి కూర్చోబెట్టింది.

"ఎవరికి ఓటెయ్యమనీ మనం చెప్పొద్దు. ఏసిన ఓటు ఏసినట్టు లెక్కకొచ్చిందా లేదా, అదొక్కటే చూద్దాం."

"అడవిలో అందరూ వంకర్లు పోతుంటే మనం ఒక్కళ్ళమే చూసి ఏం లాభం?" అంది కాకి.

"చూసేవాళ్ళు లేకనే గదా వంకర్లు పోయేది!"

అలా పుట్టింది కనిపెట్టుకునే సంఘం. దానికి ఉన్నది ఒకటే నియమం. చూసింది చెప్పాలి, చూడంది చెప్పకూడదు.

ఆ ఏడు కోరప్ప మీద పోటీకి దిగింది చుక్కమ్మ అనే దుప్పి. కోరప్పకు ఓటంటే చింతగింజ, చుక్కమ్మకు ఓటంటే వేపగింజ, మూతి సన్నని కుండలో వెయ్యాలి. ఒకరే రెండుసార్లు వెయ్యకుండా, వేసినవాళ్ళ ఎడమకాలి మీద నల్లజీడి పిక్క రసంతో చుక్క పెట్టాలి. ఈ ఉపాయం రేవమ్మదే. పదేళ్ళు రేవుకు బట్టల మూటలు మోసిన గాడిద. బట్టల మీద జీడి గుర్తు పడితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదని దానికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఎన్నికల అధికారిగా కోరప్ప ఏరికోరి గుడ్లగూబను వేయించాడు. పట్టపగలు జరిగే ఓట్లకు పగలు కళ్ళు కనబడని అధికారి! ముహూర్తం కూడా కోరప్పదే, రోహిణి కార్తె. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో వాగు కింది పల్లపు గుంటలో ఉండే కప్పలన్నీ మట్టి లోపలికి దూరి వాన పడేదాకా నిద్రపోతాయి. ఓటరు జాబితాలో మాత్రం కప్పల పేటకు నూట ఇరవై ఓట్లున్నాయి.

ఓట్ల రోజున అడవిలో నాలుగు చోట్ల నాలుగు కుండలు పెట్టారు. సంఘంలో తలా ఒక కుండ పంచుకుంటే, రేవమ్మ కప్పల పేట తీసుకుంది. కోరప్పకు కుడిభుజం జంబయ్య అనే నక్క. వాడు అటుగా వచ్చి పకపకా నవ్వాడు.

"నిద్రపోయే కప్పలకు కాపలా ఏంటి రేవమ్మక్కా? నీ బుర్ర నిలువునా నేలలో పాతెయ్య!"

"కుండ ఉంది గదా తమ్ముడూ. కుండ ఉన్నకాడ నేనుంటా."

పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా రేవమ్మ అక్కడే నిలబడింది. ఒక్క కప్ప రాలేదు. సాయంత్రం జంబయ్య బావమరుదులు కుండ మూతికి మోదుగాకు కట్టారు. "ఇక్కడే విప్పి చూపించండి," అంది రేవమ్మ. "నియమం ఒప్పుకోదు," అన్నారు. కుండ వెనకే నడిచింది. వాళ్ళు దాన్ని ఎత్తుకుని ముళ్ళ డొంకలోంచి ఉరికారు. గాడిద పట్టే సందు కాదది. రేవమ్మ చుట్టూ తిరిగి లెక్కింపు బండ దగ్గరికి చేరేసరికి మూడు కుండల లెక్క అయిపోయింది. చుక్కమ్మకు మూడొందల పది, కోరప్పకు రెండొందల నలభై. మేకలు అప్పటికే గెంతుతున్నాయి.

నాలుగో కుండ బోర్లించారు. గలగలమంటూ చింతగింజలు. నూట ఇరవైకి నూట ఇరవై!

"కోరప్ప దొరవారు యాభై ఓట్లతో గెలిచినట్టే," అన్నాడు జంబయ్య. కాస్త తగ్గించి పోసి ఉంటే నమ్మేవాళ్ళు నమ్మేవాళ్ళేమో. దొంగకు చేతివాటమే గాని కొలత ఎక్కడ ఏడ్చింది?

రేవమ్మ ముందుకొచ్చింది. "అధికారి గారూ, పొద్దున్నించీ నేనక్కడే ఉన్నా. ఒక్క కప్ప కూడా రాలేదు."

"నువ్వు నిలబడే నిద్రపోయే జాతిదానివి గదక్కా," అన్నాడు జంబయ్య. "కప్పలు నీ కాళ్ళ సందునించి వచ్చిపోయాయి. పైగా గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన? ఎన్నికల సంగతులు నీకెందుకు?"

సభంతా గొల్లుమంది. కోరప్ప తరఫువాళ్ళే కాదు, నీళ్ళు దొరక్క అల్లాడే కుందేళ్ళు కూడా నవ్వాయి. రేవమ్మకు ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు, అమాయకంగా అడిగింది.

"అయ్యుండొచ్చు తమ్ముడూ. కునుకు పట్టిందేమో. అయితే వచ్చిన కప్పలన్నిటికీ కాలి చుక్క పెట్టించారా? లేకపోతే మీ మీద మాటొస్తది."

"పెట్టించకుండా ఎట్టుంటాం? నేనే దగ్గరుండి పెట్టించా."

"నూట ఇరవైకీ?"

"నూట ఇరవైకీ! ఒక్క కాలు తప్పితే నా తోక కోసుకుంటా!"

"విన్నారా అధికారి గారూ?" అంది రేవమ్మ. "తొలివానకు కప్పలు లేస్తాయి. కాళ్ళు చూద్దాం. అందాకా పీట ఎవరికీ ఇవ్వొద్దు."

గుడ్లగూబ కోరప్ప వేయించినవాడే. కానీ అప్పటికి చీకటి పడుతోంది, అతగాడికి బాగా కనిపించే వేళ అది. ఎదురుగా అడవంతా తన మొహంలోకే చూస్తోందని మొదటిసారి గమనించాడు. "తొలివాన దాకా తీర్పు ఆపుతున్నా," అన్నాడు. జంబయ్య నోరు తెరిచాడు గాని, తన మాట తనే ఎలా కాదంటాడు?

మర్నాటినించి రేవమ్మ కప్పల గుంట ఒడ్డునే మకాం పెట్టింది. రాత్రుళ్ళు ఏదుపంది కాపు, పగలు తను. తాబేలు, కాకి నీళ్ళూ కబుర్లూ మోసేవి. తాబేలు ఆకుదొప్పలో తెచ్చే నీళ్ళు దారిలోనే సగం ఆవిరయ్యేవి. రేవమ్మ డొక్కలు లోపలికి పోయాయి.

మూడో రోజు జంబయ్య వచ్చి ఏకంగా కాళ్ళ మీద పడ్డాడు. వసుదేవుడంతటివాడికే గాడిద కాళ్ళు పట్టుకోక తప్పలేదు, జంబయ్యెంత?

"అక్కా, నువ్వు మడుగు కాడికి రా. దొరవారి కంటే ముందు నీకే వంతు. రోజుకు రెండుపూటలా."

నీళ్ళ మాట వినగానే రేవమ్మ నాలుక పిడచగట్టింది. వరసలో కూలిన పిల్ల కళ్ళముందు ఆడింది. ఆ రోజున ఎవరైనా ఈ మాటే అని ఉంటే, వాళ్ళ కాళ్ళు పట్టుకుని మొక్కి ఉండేది.

"నా పిల్లకు ఇయ్యని వంతు నాకెందుకురా," అంది. "పో అవతలికి."

ఐదో రోజు చుక్కమ్మ తరఫు కుర్ర దుప్పి వచ్చింది. "పిన్నీ, జంబయ్య గింజలు పోస్తుంటే కళ్ళారా చూశానని చెప్పెయ్యి. ఈ ఎండలో నీకీ యాతనెందుకు?"

"చూశానా?"

"చూడకపోతేనేం? పోసింది వాడేగా!"

"నా నోట ఒక్క అబద్ధం వచ్చిందా, నేను చెప్పే నిజం కూడా అందులోనే కొట్టుకుపోతది. కప్పలు రాలేదు. అంతే నేను చూసింది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పను."

దుప్పి మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రంనించి దుప్పులు కూడా రేవమ్మను పలకరించడం మానేశాయి. అటు వాళ్ళకూ చెడి, ఇటు వీళ్ళకూ చెడి, రెంటికీ చెడ్డ రేవడైందని కాకి జాలిపడింది. రేవమ్మ మాత్రం గుంట వైపు చూపు తిప్పలేదు.

ఏడో రోజు మధ్యాహ్నం, అడవంతా నీడకు చేరి కునుకు తీసే వేళ, జంబయ్య వెనకనించి పిల్లిలా వచ్చాడు. నోట కరిచిపట్టిన దొప్పలో నల్లజీడి రసం. కప్పల్ని తవ్వి, కాళ్ళకు ఒక్కో చుక్క పెట్టేస్తే పనైపోతుందని లెక్క. అయితే జిత్తులన్నీ తెలిసిన నక్కకు ఊళ్ళో పసిపిల్లలకు తెలిసిన ముక్క తెలియలేదు, గాడిద వెనక నిలబడకూడదని. రేవమ్మ తల కూడా తిప్పకుండా వెనక కాళ్ళు రెండూ ఝాడించింది. దొప్ప గాల్లోకి లేచి, రసమంతా జంబయ్య మూతి మీద పడింది. రేవమ్మ తిరిగి చూసేసరికి కింద జీడి రసం కారుతున్న దొప్ప, కుయ్యోమంటూ పొదల్లో పడి జంబయ్య పరుగు.

మూతి నల్లబడి బొబ్బలెక్కింది. అడిగినవాళ్ళందరికీ "నేరేడు పళ్ళు తిన్నా, మరక," అని చెప్పుకున్నాడు. రేవమ్మ ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పినా సాక్ష్యం లేదని దానికి తెలుసు.

మృగశిర కార్తె అడుగుపెట్టిన రోజు మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. ఉరిమింది. కుండపోత. అడవంతా కప్పల గుంట చుట్టూ మూగింది. ఎండలేని వెలుగు కాబట్టి గుడ్లగూబ కూడా కళ్ళు చికిలించుకుంటూ వచ్చి వాలాడు. మట్టి మెత్తబడి, బుడగలొచ్చి, ఒక్కొక్కటే కప్పలు తలలు పైకెత్తాయి. అందరికంటే ముందు లేచింది కప్పల పెద్ద బోదురుకప్ప.

"ఏమ్మా, ఓటేశారా?" అనడిగాడు గుడ్లగూబ.

"ఓట్లా? ఎప్పుడు? పోయిన వేసవిలో నిద్ర చాల్లేదని ఈసారి పెందలాడే పడుకున్నాం నాయనా. ఎవరెవరు నిలబడ్డారేంటి?"

తాబేలు ఒక్కొక్కరి ఎడమకాలూ చూసుకుంటూ పోయింది. నూట ఇరవై కాళ్ళు. ఒక్కదాని మీద చుక్క లేదు.

జంబయ్య తడుముకోలేదు. "వానండీ! ఇంత వానలో చుక్క ఆగుతుందా? కడుక్కుపోయింది!"

కోరప్ప తోక ఊపాడు. "నిజమే, వానకు కడుక్కుపోయింది," అని తోడేళ్ళన్నీ వంతపాడాయి. కొందరు తలలూపారు కూడా.

రేవమ్మ నెమ్మదిగా వెళ్ళి జంబయ్య ఎదురుగా నిలబడింది. వాన వాడి నెత్తిన ధారగా కారుతోంది.

"మరి నీ మూతి మీది నేరేడు మరక కడుక్కుపోలేదేం తమ్ముడూ?"

అందరి చూపులూ ఆ నల్లటి మూతి మీద పడ్డాయి. వాన కురుస్తూనే ఉంది, మరక ఉన్నచోటే ఉంది. ముందు ఒక కుందేలు తన ఎడమకాలు ఎత్తి చూసుకుంది. నల్లచుక్క చెక్కుచెదరలేదు. మేక ఎత్తింది. ఉడుత ఎత్తింది. చూస్తుండగానే అడవంతా ఎడమకాళ్ళెత్తి వానలో నిలబడింది. ఏ ఒక్క చుక్కా కరగలేదు.

"ఏడో రోజు మధ్యాహ్నం వీడు ఈ గుంట కాడికి జీడి రసం తెచ్చాడు. నేను తన్నాను. అది నేను చూసింది," అంది రేవమ్మ. "ఇక మీ ఇష్టం."

జంబయ్య తోక కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు, ఎవరైనా అడుగుతారేమోనని. కోరప్ప అప్పటికే పొదల దారి పట్టాడు.

గుడ్లగూబ ఆ కుండ చెల్లదని తేల్చి, వానలోనే కొత్త కుండ పెట్టించాడు. కప్పలు బెకబెకలాడుకుంటూ వరసకట్టి, కాలికి చుక్క పెట్టించుకుని, ఓట్లేశాయి. ఈసారి కుండను అందరి ముందూ అక్కడే బోర్లించారు. అందులో చింతగింజలు ముప్పై దాటలేదు. చుక్కమ్మ వాగు పెద్ద అయింది.

గెలిచిన ఊపులో చుక్కమ్మ పరుగున వచ్చింది. "రేవమ్మక్కా, ఇదంతా నీ చలవే. రేపట్నించి మడుగు కాడ మొదటి వంతు నీదే!"

"వద్దమ్మా," అంది రేవమ్మ. "కోరప్ప కూడా ఇట్టాగే మొదలెట్టాడు, కావలసినోళ్ళకు ముందు వంతని. నేను వరసలో ఎక్కడుంటే అక్కడే తాగుతా. పిల్లతల్లుల్ని మాత్రం ముందుకు పంపించు."

"అట్టాగే అక్కా. ఇంకేమన్నా?"

"ఐదేళ్ళ తర్వాత మళ్ళీ కుండ పెడతావు గదా. అప్పుడు నీ కుండ పక్కన కూడా నేనుంటా."

చుక్కమ్మ మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తలొంచి, సరేనంది.

ఇందులో తెలుసుకోవలసిందొకటే: ఓటు వెయ్యడం ఒక పూట పని, దాన్ని కాచుకోవడం ఐదేళ్ళ పని.