నక్కవుల్లి ఓబులక్క

ఊ కొట్టేవాళ్ళు ముందుకు రండి. ఆవలించేవాళ్ళు గోడవారకు జరగండి.

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, ఓ మెట్ట ఊళ్ళో ఓబులక్క అని ఒకామె ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక గుడిసె, గుడిసె వెనక మంచమంత పెరడు, పెరట్లో ఎర్రగడ్డల మడి. ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలే, ఆ ఊళ్ళో అలాగే అనేవాళ్ళు. కూలి దొరకని రోజు ఆ మడే ఆమెకు కూడు.

ఒక ఏడు ఆ మడిలోకి నక్కవుల్లి వచ్చింది. అడవి ఉల్లి అంటారే, అదే. ఓబులక్క పోల్చుకోలేక రెండు గడ్డలు పులుసులో వేసుకుంది. ఒక్క ముద్ద తిన్నదో లేదో, చేదు నషాళానికంటింది. మూడు రోజులు నాలుక దురద. నాలుకను గోక్కునేదెలా, పాపం!

పక్కింటి తిమ్మక్కకు తెలియని సంగతంటూ లేదు. అడిగినా చెప్తుంది, అడక్కపోయినా చెప్తుంది. గోడ మీంచి తల పెట్టి, ఇంతమాత్రానికి దిగులెందుకు, పట్టుకుని పీకెయ్యమంది. ఓబులక్క పీకింది. ఆకులు చేతికొచ్చాయి, గడ్డలు మట్టిలోనే ఉండిపోయాయి. పైన చూస్తే ఏమీ లేదు. కింద నక్కవుల్లి నవ్వుకుంటోంది.

వాన పడింది. ఒకటికి నాలుగు లేచాయి. తిమ్మక్క మళ్ళీ గోడ మీంచి తల పెట్టి, పారతో నరికెయ్యమంది. తానైతే ఎప్పుడో నరికేసి కాళ్ళు కడుక్కునేదాన్నని కూడా అంది. ఓబులక్క నరికింది. పెద్దగడ్డను కరుచుకున్న పిల్లగడ్డలు మడంతా చెల్లాచెదరయ్యాయి. పైన చూస్తే ఏమీ లేదు. కింద నక్కవుల్లి నవ్వుకుంటోంది.

మళ్ళీ వాన పడింది. నాలుగుకు నలభై లేచాయి. ఈసారి తిమ్మక్క సలహా ఏమిటంటే, మడంతా తవ్వి, గడ్డలన్నీ ఊరి పెంటదిబ్బ మీద పారెయ్యమని. కుళ్ళి ఎరువైపోతాయట! ఓబులక్క గంపలకు గంపలు మోసి దిబ్బ మీద పోసింది. నక్కవుల్లికి అంతకన్నా మెత్తని పరుపు ఎక్కడ దొరుకుతుంది? వేసవి చివర రైతులంతా ఆ దిబ్బను బండ్లకెత్తి చేలకు తోలుకున్నారు. ఎరువు చల్లామనుకున్నారు. చల్లింది నక్కవుల్లిని. పైన చూస్తే ఏమీ లేదు. కింద ఊరు ఊరంతా నక్కవుల్లి నవ్వుకుంటోంది.

తొలకరి పడేసరికి జొన్నచేలో నక్కవుల్లి, కందిచేలో నక్కవుల్లి, ఊరిపెద్ద చెంచన్న మిరపతోటలో మరీ ఏపుగా నక్కవుల్లి. ఓబులక్క గంపలు మోయడం చూడనివాళ్ళు లేరు. చెంచన్న ఊరందర్నీ కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. వచ్చే విత్తనాల నాటికి చేలు బాగుపడకపోతే ఓబులక్క గుడిసె ఎత్తుకుని ఊరు దాటాలి. ఆ మంచమంత పెరడు తప్ప భూమ్మీద ఆమెకు ఇంకో చోటు లేదు.

"దిబ్బ మీద వెయ్యమని నీకెవరు చెప్పారు?" అని అడిగాడు చెంచన్న.

వెనక వరసలో తిమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఓబులక్క అటు ఒకసారి చూసింది.

"వేసింది నా చేతులే చెంచన్నా. నేనే తీస్తాను."

మర్నాడు వానకు నానిన మట్టిలో చిన్న గునపం పట్టుకుని కూర్చుంది. ఈసారి ఎవర్నీ అడగలేదు. ఆకు వెంట వేలు పోనిచ్చి, మట్టితో సహా మెల్లగా పైకి లేపింది. పెద్దగడ్డ వచ్చింది, దాని చుట్టూ పదమూడు పిల్లగడ్డలు. ఓసి నీ ఇల్లు బంగారం గానూ, ఇంటిల్లిపాదీ ఇక్కడున్నారా అనుకుంది. అప్పటినుంచి గునపం గుచ్చే ముందు ప్రతి మొక్కకూ ఒకటే మాట చెప్పేది: "తల్లీ, పిల్లల్ని పిలుచుకుని రా." తీసినవన్నీ తన నేతచీర కొంగులో మూటకట్టుకుని, ఇంటికొచ్చి కాగులో ఉడకబెట్టేది. ఉడికిన గడ్డ ఇక నవ్వలేదు.

మూడో రోజు తిమ్మక్క గునపంతో వచ్చి పక్కన కూర్చుంది. నోరు మెదపలేదు. ఊరు నక్కవుల్లికన్నా దానికే ఎక్కువ బెదిరింది. ఆ తర్వాత ఒకరొకరూ వచ్చారు. విత్తనాల నాటికి చేలు తేటపడ్డాయి, గుడిసె కదల్లేదు. బతికినన్నాళ్ళూ తొలివానకు ఓబులక్క చేలన్నీ తిరిగింది. నా కన్నుగప్పిన గడ్డ లేదని గొప్పలు కూడా చెప్పుకుంది.

ముసలిదై కన్నుమూసింది. చెంచన్న చేను గట్టున, ఆ నేతచీరలోనే పూడ్చారు. మరుసటేడు తొలకరికి ముందు సమాధి మీద నిటారుగా ఒక పూలకాడ లేచింది. ఏం పూవనుకున్నారు? నక్కవుల్లి! కొంగుముడిలో ఒక పిల్లగడ్డ దాక్కుని ఆమె వెంటే వెళ్ళింది.

నడుము వంగిన తిమ్మక్క అందర్నీ తోసుకుని వెళ్ళి, పట్టుకుని పీకేసింది. కాడ చేతికొచ్చింది, గడ్డ లోపలే ఉండిపోయింది. తిమ్మక్క చేతిలో కాడను చూసి నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది.

"పీకమన్నదీ నేనే, నరకమన్నదీ నేనే, దిబ్బ మీద పొయ్యమన్నదీ నేనే. అది చచ్చేదాకా ఒక్కరికీ చెప్పలేదు."

చెంచన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ గడ్డను అక్కడే ఉండనిమ్మన్నాడు.

ఇప్పటికీ ఆ గట్టున ఆ పూలకాడ లేస్తే ఓబులక్క పిలిచిందంటారు. గునపాలు సానపట్టుకుంటారు. తొలివాన పడగానే పిల్లా పెద్దా చేలల్లో కూర్చుని, తల్లీ, పిల్లల్ని పిలుచుకుని రా అంటూ తవ్వుతారు. ఎవరైనా గోడ మీంచి సలహా చెప్పబోతే, గునపం తెచ్చుకుని చెప్పమంటారు.

నమ్మకం లేకపోతే వెళ్ళి చూడండి. ఆ గట్టు మీది మొక్కను మాత్రం పీకకండి. పీకినా రాదు.