రాణిగారి చేప పస్తులు

రాణిగారి గాజుతొట్టెలో సముద్రపు చేప చిక్కి సగమైంది. బతికున్న రొయ్యపిల్లల్ని తప్ప అది మరేదీ ముట్టదు. కొలువులో అందరి అనుమానమూ దాన్ని పట్టి తెచ్చిన నూకాలు మీదే.

"జబ్బుచేపను అంటగట్టింది మహారాజా! దీని పడవ తగలబెట్టించండి," అన్నాడు మేత చూసే లావుపాటి అధికారి దండపాణి. "పది రోజులుగా రోజూ దోసెడు రొయ్యపిల్లల్ని నా చేత్తో వేస్తున్నాను. ఒక్కటీ తినలేదు."

నూకాలు అతన్ని ఎగాదిగా చూసింది. "మిగిలినవి తీసేస్తున్నారా బాబూ?"

"ఛీ! ఆ నీచునీళ్లలో నేను చెయ్యి పెడతానా? ఇంకెవర్నీ పెట్టనివ్వను కూడా!"

"అయితే పది దోసిళ్ల రొయ్యలూ తొట్టెలోనే ఈదుతుండాలి కదయ్యా. ఏవీ?"

రాజు తొంగిచూశాడు. తొట్టెలో చేప ఒక్కటే ఉంది.

"దండపాణీ, ఇలా దగ్గరికొచ్చి నోరు తెరువు," అన్నాడు.