వీపు మీది తలుపు

కాకినాడలో ఓ కాలనీ. ఆ కాలనీ మొత్తానికీ తెలివైన కుటుంబం తమదేనని గవర్రాజు నమ్మకం. భార్య మంగతాయారుదీ అదే మాట. బావమరిది అబ్బులైతే పొద్దున్నే అద్దంలో చూసుకుని, "ఇంత తెలివి ఒక్క బుర్రలో ఎలా పట్టిందో" అని ఆశ్చర్యపోయేవాడు.

గవర్రాజుకి ఒకటే కోరిక. వినాయకచవితి పందిరి పెత్తనం ఒక్క ఏడాదైనా తన చేతికి రావాలి. కాలనీ సెక్రటరీ విశాలాక్షిగారు ఇస్తేనా? చివరికి ఆవిడే ఓ మెట్టు దిగింది.

"పిల్లలు హాలోవీన్ అని ప్రాణం తీస్తున్నారు. దయ్యాల వేషాలేసుకుని అమ్మానాన్నల్తో మీ ఇంటికొస్తారు. ఇల్లు పాడుబడిన కొంపలా ఉండాలి. తలుపు తట్టిన వాళ్ళకే చాక్లెట్లివ్వాలి. గుమ్మడికాయలకి కళ్ళూ నోరూ చెక్కి దీపాలు పెట్టండి. వాటికోసం ఊరంతా తిరక్కండి, మన కాలనీలోనే దొరుకుతాయి. ఇది సరిగ్గా చేస్తే పందిరి మీదే" అంది.

అంతే. అబ్బులు నిచ్చెన భుజానేసుకుని బయల్దేరాడు. ప్రతి గుమ్మం మీదా దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ ఉండనే ఉంది. అన్నీ కోసుకొచ్చాడు. కట్టి ఎన్నాళ్ళయిందో ఏమో, కత్తి పెట్టగానే ఒక్కోటీ పగిలి కుళ్ళంతా అబ్బులు మొహాన కక్కింది.

"కడుక్కోకురా, వేషం కలిసొచ్చింది" అన్నాడు గవర్రాజు.

ఇరుగుపొరుగు వాళ్ళు మీదికొచ్చారు. "మా ఇళ్ళకి దిష్టి తగిలితే?"

"దయ్యాలే చుట్టపు చూపుగా వస్తుంటే ఇంకా దిష్టి భయమేంటండీ?" అంది మంగతాయారు. వాళ్ళు తలలు బాదుకుంటూ వెళ్ళిపోయారు.

ఇక ఇల్లు. "బావా, పాడుబడిన కొంపకి తలుపుంటుందా?" అన్నాడు అబ్బులు. "ఉండదురా" అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, వీధి తలుపు ఊడబీకి పెరట్లో పడేశారు. మంగతాయారు సాలెగూళ్ళ కోసం తన పెళ్ళి పట్టుచీర పోగులు లాగి హాలంతా కట్టింది.

సాయంత్రం పిల్లలొచ్చారు. తలుపు లేదు. తలుపు లేనిదే తట్టేదెలా? తట్టనిదే చాక్లెట్లిచ్చేదెలా? మాటంటే మాటే. ఓ బుల్లి దయ్యం ఏడుపు లంకించుకుంది, మిగతా దయ్యాలు అందుకున్నాయి. పందిరి పోయినట్టేనని గవర్రాజుకి దిగులు పట్టుకుంది.

అప్పుడు అబ్బులు పెరట్లో పడేసిన తలుపు వీపుకెత్తుకుని వీధిలోకి ఉరికాడు. "తట్టండర్రా" అన్నాడు. పిల్లలు కేరింతలు కొడుతూ వెంటపడ్డారు. మంగతాయారు పక్కనే పరిగెత్తుతూ, తట్టిన ప్రతివాణ్ణీ "ఎవరూ?" అని అడిగి మరీ చాక్లెట్ పెట్టింది. ఆ హడావిడిలో తలుపు మూల తగిలి, వీధిలో కుర్చీలేసుకుని కూర్చున్న అమ్మానాన్నలకి విశాలాక్షిగారు పంచుతున్న సమోసాల పళ్ళెం కాలవలో పడింది.

ఆవిడకి ఒళ్ళు మండింది. "గవర్రాజుగారూ, మీకో దండం. నాన్నలందరికీ ఇచ్చిన ఆ నల్ల మాస్కే మీరూ పెట్టుకుని, వాళ్ళలో కలిసి కూర్చోండి. మీరెవరో ఎవరికీ తెలియకూడదు" అంది. గవర్రాజు బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాడు.

అవతల పిల్లలు తలుపుని వదల్లేదు. కాసేపటికి పెద్దవాళ్ళూ సిగ్గు విడిచి తట్టడం మొదలెట్టారు. అంతమంది నవ్వుతుంటే విశాలాక్షిగారి కోపమూ కరిగిపోయింది. మైకు అందుకుంది. "ఇంత సరదాగా ఎప్పుడూ జరగలేదు. ఈసారి పందిరి గవర్రాజుగారిదే. ఎక్కడున్నారండీ, రండి."

గవర్రాజు పొంగిపోయి లేవబోయాడు. అంతలోనే ఆగాడు. తెలియకూడదన్న మనిషే పిలుస్తోందంటే ఇది పరీక్షే. లేస్తే దొరికిపోయినట్టే. కుర్చీకి అతుక్కుపోయాడు.

"ఏమ్మా, మీ ఆయనేరీ?" అని విశాలాక్షిగారు మంగతాయారుని అడిగింది.

"ఎవరికీ తెలియకూడదన్నారు కదండీ. అప్పట్నుంచీ అటు చూడటమే మానేశాను."

"మొహమాటపడి ఎటో పోయినట్టున్నారు. పోనీ, ఎదురింటి సత్తిబాబుగారూ, మీరు తీసుకోండి" అంది ఆవిడ విసుగ్గా. సత్తిబాబు వెళ్ళి దండ వేయించుకున్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గవర్రాజే.

అందరూ వెళ్ళాక కూడా గవర్రాజు మాస్కు తియ్యలేదు. "చూశారా, పందిరి చూపించి ఊరించినా ఆవిడ నన్ను కనిపెట్టలేకపోయింది" అన్నాడు.

"మరి పందిరి సత్తిబాబుకి పోయింది కదా, బావా?"

"అదేరా తెలివంటే. పందిరి వాడి దగ్గరుంటే అది మనదేనని ఎవడికీ అనుమానం రాదు" అన్నాడు గవర్రాజు.