తూముతల్లి కొలువైన గోడ

సాలిపేట చివర, ఏటికి దిగే దారిలో పాత రాతిగోడ ఒకటి ఉంది. దానికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. కొత్తగా వచ్చిన యాత్రికులు ఆ గోడ పక్కనే నిలబడి గుడి ఎక్కడని అడుగుతూ ఉంటారు. గోడే గుడి. దాని నడుమ గూటిలో తూముతల్లి ఎగువనున్న నేతగాళ్ళ ఇళ్ళకేసి చూస్తూ కొలువై ఉంది. అమ్మ పాదాల కింద గోడకు పెద్ద తూము ఉంది. అమ్మకు స్నానం చేయించిన నీళ్ళూ, కొండ మీద కురిసిన వానా ఆ ఒక్క తూములోంచే దిగువకు పోతాయి. ఎందుకలాగో తెలుసుకుని దండం పెట్టుకుంటే దర్శనం నిండుగా ఉంటుంది.

ఈ గోడ పుట్టక మునుపు ఇక్కడ కొండవాలు నీరు నేతగాళ్ళ ఇళ్ళ పక్కగా దిగి, జగ్గునాయుడి కళ్ళంలోంచి పారి ఏట్లో కలిసేది. ఆ ఇళ్ళూ నాయుడివే, కళ్ళమూ నాయుడిదే. ఏటా వానాకాలంలో గడ్డివాములు అడుగున కుళ్ళిపోతున్నాయని ఆయన కళ్ళం ఎగువ హద్దు వెంట గోడ పెట్టించాడు. ఆ నీరు పారే కాలువ గట్టున ఎండకూ వానకూ నిలిచి ఉన్న అమ్మవారి రాయిని భక్తిగా తెచ్చి గోడలోనే గూడు కట్టించాడు. ఆయన భక్తి నిజమైనదే. అమ్మ ఉన్న గోడ మీద ఎవరూ గునపం వెయ్యరన్న ధీమా కూడా అంతే నిజం.

తొలి వానకే నీరు వెనక్కి తన్నింది. అద్దెకున్న నేతగత్తె గున్నమ్మ ఇంట్లో మగ్గం గుంట నిండిపోయింది. గుంటమగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, అంచున కూర్చుని, కాళ్ళు గొయ్యిలో పెట్టి తొక్కుతూ నేసేది. గొయ్యిలో నీరూరితే కాలు ఆడదు. చెమ్మకు పడుగు నూలు సాగి తెగిపోతుంది. మగ్గం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే. ఇల్లు మారదామంటే, మరొకరి నట్టింట్లో గొయ్యి తవ్వుకోనిచ్చేదెవరు?

గున్నమ్మ నాయుడి అరుగు దగ్గరకు వెళ్ళింది. "గోడ మీదే, జాగా మీదే బాబూ. ఆ నీళ్ళు ఎటెల్లాల?"

"నీకు ఇల్లు అద్దెకిచ్చాను గానీ, వానకి దారి అద్దెకిచ్చానేటే? గిట్టకపోతే ఖాళీ చేసీయ్" అన్నాడు నాయుడు.

ఆమె తిరిగి వచ్చి కడవతో గుంటలో నీళ్ళు తోడింది. ఎంత తోడితే అంత ఊరింది. మధ్యాహ్నానికి అలసిపోయి మగ్గం గుంజకు జారబడి కునుకు తీసింది. ఆ కునుకులో, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని ఒక పెద్దముత్తైదువ నీళ్ళలో నడుచుకుంటూ వచ్చింది.

"గున్నా, రేపు నాకు తానం చేయిస్తారట. ఆ నీళ్ళు ఎటెల్తాయే?"

"మా గుంటలోకే వస్తాయి తల్లీ, ఇంకెటెల్తాయి?" అని కలలో కూడా విసుక్కుంది గున్నమ్మ.

"ఆ మాటే అక్కడడుగు" అంది ముత్తైదువ.

మర్నాడు కొత్త గూటిలో అమ్మకు తొలి స్నానమని గోడ దగ్గర పేటంతా చేరింది. పూజారి దాసుగారు పసుపు కలిపిన తొలి కుండ ఎత్తబోతుండగా గున్నమ్మ తన కల చెప్పింది. దాసుగారు కుండ దించేశారు. "అడిగింది న్యాయమే నాయుడుగారూ. అమ్మ స్నానం నీళ్ళు నిలవ ఉండకూడదు. పోయే దారి లేకుండా స్నానం చేయించలేను" అన్నారు.

నాయుడు భక్తుడు కాబట్టి వెంటనే గూటి కింద వేలు పట్టేంత కంత పెట్టించాడు. అప్పుడు కుండ పోశారు. పసుపునీరు అమ్మ మీదుగా జారి, గోడ కింద నిలిచిన వాననీటిలో పడింది. కంతలోంచి సన్నగా ధార కట్టింది.

"అదిగో, అమ్మ నీళ్ళు పోతన్నాయి. ఇంకేటి?" అన్నాడు నాయుడు.

గున్నమ్మ నీళ్ళలోకి దిగి దోసిలి నింపింది. "ఇందులో అమ్మ నీళ్ళేవో, వాన నీళ్ళేవో మీరే ఏరి ఇయ్యండి బాబూ. అమ్మవి మీరు పంపించీయండి. వానవి మేం ఇంట్లో దాచీసుకుంటాం."

జనం గొల్లుమని నవ్వారు. నాయుడు నీళ్ళకేసి చూశాడు. పోసింది ఒక్క కుండే. కానీ ఆ పసుపు నీటి మీద పాకుతూ పాకుతూ గున్నమ్మ గడప దాకా వెళ్ళింది. నిలిచిన నీరంతా అమ్మ ఒంటి రంగు తిరిగింది. అందులో ఏ చుక్కను ఆపినా అమ్మను ఆపినట్టేనని ఆయనకు అర్థమైంది.

నాయుడు కండువా నడుముకు బిగించి, గునపం తానే అందుకున్నాడు. అమ్మ పాదాల కింది రాయి కదలగానే నీరు హోరుమని దూకింది. పైన గూడు బీటైనా వారలేదు. ఆయన వెనక్కి తిరిగి పాలేళ్ళను కేకేశాడు: "గడ్డివాములు పక్కకి జరపండ్రా! అమ్మ వస్తంది!"

అంత మాట అనగలిగినందుకే ఈ కథలో గున్నమ్మతో పాటు నాయుడికీ దండం పెడతారు.

నేటికీ ఈ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టదలచినా తూము దగ్గర పసుపునీరు పట్టుకెళ్ళి, ఇరుగుపొరుగుల ఎదుట స్థలం మెరక మూలన పోస్తారు. పసుపుచాలు పారిన చోట గోడ లేపరు. అద్దెకు దిగేవారికి యజమాని ముందు నీటిదారి చూపించి, ఆ తరువాతే తాళంచెవి ఇస్తాడు. మురుగుకాలువ మీద కోర్టుకెక్కిన ఇరుపక్షాలు వకీళ్ళతో సహా వచ్చి, ఇక్కడే రాజీపడి వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. అమ్మను నమ్మినవారి పునాది కుంగదనీ, పొరుగు చెడదనీ పెద్దల మాట.

ఏటా జ్యేష్ఠంలో, వానలకు ముందు, తూములో పేరుకున్న ఒండ్రు తియ్యాలి. దిగువ నుంచి నాయుడి ఇంటివారు ఒకరు, ఎగువ నుంచి గున్నమ్మ ఇంటి ఆడపడుచు ఒకరు చేతులు పెట్టి మట్టి తోడతారు. గోడకు అటొకరు, ఇటొకరు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. లోపల చేతికి చెయ్యి తగిలాకే అమ్మకు తొలి కుండ పోస్తారు.