కుండల్లోంచి వచ్చిన గొంతు

అమలాపురంలో త్రిమూర్తులు అనే పద్యనాటక నటుడు ఉండేవాడు. గొంతు మంచిదే, వేషమూ నిండుగా ఉండేది, కాని పక్కవాడికి చప్పట్లు పడితే మాత్రం అతని కడుపు మండిపోయేది. ఆ పక్కవాడు ఎవరో పరాయివాడైనా కొంత నయం. చిన్నప్పటి నుంచీ ఒకే గురువు దగ్గర, ఒకే చాప మీద కూర్చుని తనతో పద్యం నేర్చుకున్న పేర్రాజు. మనిషి సన్నగా, మాట మెల్లగా ఉండేవాడు. బజారులో కొబ్బరితాళ్ల దుకాణం నడుపుకుంటూ, తాళ్లు చుట్టలు చుడుతూ పాడుకునేవాడు. ఆ పాట వినడానికి జనం అక్కర్లేని తాడు కూడా కొనుక్కుపోయేవారు.

వాళ్ల గురువు సోమయాజులుగారి పాఠానికి ఒక పద్ధతి ఉండేది. శిష్యుడు శ్రుతి తప్పినా, అర్థం తెలియకుండా అరిచినా ఆయన తిట్టేవారు కాదు. "చాలు నాయనా" అనేవారు. అంతే. ఆ మాట వినపడ్డాక సగం పదం నోట్లోనే ఉన్నా ఆపేయాలి. కాళ్లకు దణ్ణం పెట్టి కూర్చోవాలి. మళ్లీ ఆయనంతట ఆయన "అందుకో" అనేదాకా, పూటైనా వారమైనా, పద్యం ఎత్తకూడదు. త్రిమూర్తులు ఈ నియమాన్ని గురువుగారి ఎదుట పాటించేవాడు; వీధి మలుపు తిరగగానే కూనిరాగం మొదలుపెట్టేవాడు. పేర్రాజు అలా కాదు, ఇంటికి పోయినా నోరు కట్టేసుకునేవాడు. త్రిమూర్తులు గురువుగారి గొంతు అనుకరించి, వెనక నుంచి "అందుకో" అని అతన్ని ఆటపట్టించేవాడు. పేర్రాజు ఒక్కసారి కూడా మోసపోలేదు. నవ్వి, "నీ గొంతు నాకు తెలీదట్రా" అనేవాడు.

సోమయాజులుగారు కాలం చేశారు. తన కృష్ణ వేషపు కిరీటం ఎవరికి ఇవ్వాలో చెప్పకుండానే వెళ్లిపోయారు. చెప్పడానికి అదేమీ బంగారం కాదు. అట్టకు తగరం రేకు అంటించి, అద్దం ముక్కలు తాపిన కిరీటం. కాని దాన్ని పెట్టుకున్నవాడే ఆయన వారసుడని ఊరంతా అనుకునేది. వినోదమందిరం నాటకశాల పెద్ద రత్నాజీగారు ఆ చిక్కు తీర్చడానికి పద్యాల పోటీ పెట్టారు. గెలిచినవాడికి కిరీటం. గురువుగారు బతికున్నన్నాళ్లూ మైకు ముట్టలేదు కాబట్టి పోటీలోనూ మైకు ఉండదన్నారు.

వినోదమందిరానికి మైకుతో పని కూడా లేదు. దాన్ని కట్టిన పాతకాలపువాళ్లు వేదిక చెక్కల కింద గుల్లగా వదిలి, అందులో పెద్ద పెద్ద మట్టికుండలు మూతులు పైకి పెట్టి అమర్చారు. వేదిక మీద పాడిన పాట ఆ కుండల్లో మోగి, ఆఖరి వరసదాకా వినపడేది. వెనక ఒక చిన్న తలుపు ఉండేది, కుండలు పగిలితే మార్చడానికి. దాని సంగతి జనం ఏనాడో మరిచిపోయారు. త్రిమూర్తులు మాత్రం మరిచిపోలేదు.

పోటీ దగ్గరపడేకొద్దీ అతనికి అన్నం సయించలేదు. పేర్రాజు పాడితే కిరీటం పేర్రాజుదే. ఆ మాట ఎవరూ అతనికి చెప్పనక్కర్లేకపోయింది. అతని మనసే రోజూ చెప్పేది. చివరికి ఒక సాయంత్రం అతను ఆ చిన్న తలుపులోంచి దూరి, కుండల మధ్య కూర్చుని, గురువుగారి గొంతుతో సన్నగా ఆలాపన తీశాడు. పైన ఊడుస్తున్నవాళ్లు చీపుళ్లు వదిలేసి వీధిలో పడ్డారు. కుండల్లోంచి వచ్చిన గొంతు ఏ మూల నుంచి వస్తోందో తెలిసేది కాదు. త్రిమూర్తుల గొంతులా అసలే ఉండేది కాదు.

మర్నాటికల్లా సోమయాజులుగారి ఆత్మ హాల్లో తిరుగుతోందన్న మాట ఊరు చుట్టేసింది. చూడనివాళ్లే ఎక్కువ చూశారు. ఒకాయన తెల్లపంచె కనిపించిందన్నాడు, ఇంకొకాయన పంచెకు జరీ అంచు కూడా ఉందన్నాడు. రత్నాజీగారు గుమ్మానికి నిమ్మకాయలు కట్టించారు. పై ఊరి నుంచి వచ్చిన గాయకుడొకాయన నిమ్మకాయలు చూసి, కారణం అడిగి తెలుసుకుని, వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లిపోయాడు. పోటీదారులు సగానికి సగం తగ్గారు.

తగ్గవలసినవాడు మాత్రం తగ్గలేదు. దయ్యం సంగతి పేర్రాజుకు చెప్పి త్రిమూర్తులు అతని మొహంలోకి ఆశగా చూశాడు. పేర్రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గురువుగారే అయితే భయమేంట్రా? ఆయన వింటున్నారంటే ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుని పాడాలి" అన్నాడు.

భయపడనివాణ్ణి భయపెట్టలేం. కాని భక్తి ఉన్నవాణ్ణి ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఏదో త్రిమూర్తులకు తెలుసు. ఒక్క పోటీకే కదా, తర్వాత వాడు ఎలాగూ పాడుకుంటూనే ఉంటాడు కదా అని సర్ది చెప్పుకున్నాడు.

పోటీ రోజు మధ్యాహ్నానికే హాలు నిండింది. దయ్యం ఉందంటే పాడేవాళ్లు తగ్గారుగాని చూసేవాళ్లు పెరిగారు. త్రిమూర్తులు ముందు పాడాడు, బాగానే పాడాడు. మొహం కడుక్కుని వస్తానని వెనక్కి వెళ్లాడు. పేర్రాజు వేదిక ఎక్కి, చెక్కలకు దణ్ణం పెట్టి, కృష్ణుడి పద్యం అందుకున్నాడు. మొదటి పాదానికే హాలు నిశ్శబ్దమైంది. రెండో పాదానికి రత్నాజీగారు కళ్లు తుడుచుకున్నారు. కింద కుండల మధ్య కూర్చున్న త్రిమూర్తులకు ఆ పాట నాలుగు వైపుల నుంచీ వినపడింది. అంత బాగా పాడగా అతను ఎన్నడూ వినలేదు. ఒక్క క్షణం తను ఎందుకు వచ్చాడో కూడా మరిచిపోయాడు. అలా మరిచిపోయే ఉంటే ఎంత బాగుండేది!

మూడో పాదం తారస్థాయికి వెళుతుండగా కుండల్లోంచి గొంతు లేచింది.

"చాలు నాయనా."

పేర్రాజు సగం పదంలో ఆగిపోయాడు. జనం హాహాకారాలు చేస్తూ లేచారు. అతను ఎవరినీ చూడలేదు. వేదిక మీద సాష్టాంగపడి, లేచి, మెట్లు దిగి ఒక మూల కూర్చున్నాడు. గందరగోళం సద్దుమణిగాక రత్నాజీగారు ఎంత బతిమాలినా మళ్లీ ఎక్కలేదు. పద్యం పూర్తి చేసినవాళ్లలో త్రిమూర్తులే మేలని తేలింది. కిరీటాన్ని పేర్రాజే తెచ్చి అతని తల మీద పెట్టాడు.

"గురువుగారు నీకే ఇమ్మన్నార్రా. నా పాటలో ఏదో లోపం ఉంది, అదేంటో నాకు తెలియట్లేదు" అన్నాడు. ఆ గొంతులో ఈర్ష్య లేదు, బాధే ఉంది.

త్రిమూర్తులు వారం రోజులు కిరీటం చూసుకుని మురిశాడు. తర్వాత ఒకరోజు పేర్రాజు భార్య మహలక్ష్మి అతని ఇంటికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. ఆయన ఆ రోజు నుంచీ పాడట్లేదండి. ఉయ్యాల్లో పిల్ల ఏడుస్తున్నా జోల పాడట్లేదు. గురువుగారు అందుకో అనలేదంటారు. పోయిన మనిషి ఎలా అంటారండీ?" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

త్రిమూర్తులు ఒక్క పోటీ అనుకున్నాడు. పేర్రాజు గురించి ఊళ్లో అందరికన్నా ఎక్కువ తెలిసిన తను, వాడు గురువు మాట ఎంతదాకా మోస్తాడో ఎలా మరిచిపోయాడు? మరిచిపోలేదు. అది నమ్ముకునే కదా ఆ మాట అన్నాడు.

సరే, ఆపిన గొంతే మళ్లీ పాడమంటే సరిపోతుందని అతనికి తోచింది. పేర్రాజును ఏదో వంకతో వేదిక మీదికి తెచ్చి, కింద నుంచి "అందుకో" అనాలని హాలుకు పరుగెత్తాడు. చిన్న తలుపు తీశాడు. లోపల చోటు లేదు. దయ్యం ఆ గుల్లలోనే కాపురముంటోందని ఎవరో భూతవైద్యుడు చెప్పాడట. రత్నాజీగారు కుండలన్నీ పగలగొట్టించి, నిండా ఇసుక పోయించేశారు. త్రిమూర్తులు పిడికెడు ఇసుక చేతిలో పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అతను చేసినదానికి ఆ హాలు గొంతు కూడా పోయింది.

ఇక నిజం చెప్పడం తప్ప దారి లేదు. దుకాణానికి వెళ్లి, పేర్రాజు చేతులు పట్టుకుని, కుండల సంగతి, కుళ్లుబోతుతనం, అన్నీ ఏమీ దాచకుండా చెప్పాడు. చెప్పి తల వంచుకున్నాడు. పేర్రాజు తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు. పేర్రాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నా చేత పాడించడానికి ఇంత నింద నెత్తినేసుకుంటావట్రా! నీలాంటి స్నేహితుడు ఎవడికుంటాడు?"

"నిజంరా, నేనేరా అన్నది!"

"నీ గొంతు నాకు తెలీదా? చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు ఆటపట్టించావు, ఒక్కసారైనా పొరబడ్డానా? ఆ రోజు విన్నది గురువుగారి గొంతేరా."

త్రిమూర్తులు ఏడుస్తూనే గురువుగారి గొంతు తెచ్చుకుని, "అందుకో నాయనా" అన్నాడు. ఏడుపుకు గొంతు జీరపోయింది. పేర్రాజు జాలిగా నవ్వి, తాడు చుట్ట చుట్టుకోవడం మొదలుపెట్టాడు. దుకాణంలో తాడు గరగరలాడే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

త్రిమూర్తులు కిరీటం రత్నాజీగారికి తిరిగి ఇచ్చేశాడు. నలుగురిలోనూ జరిగింది చెప్పాడు. ఆహా, ఎంత వినయం, ఎంత స్నేహం అని ఊరు అతన్నే మెచ్చుకుంది. ఆ మెప్పు విన్నప్పుడల్లా అతను తల దించుకుని ఇంటికి పోయేవాడు. పేర్రాజు మళ్లీ పాడలేదు.

అసూయతో ఆడిన అబద్ధాన్ని నమ్మించడానికి ఒక్క మాట చాలు. దాన్ని సరిదిద్దే నిజాన్ని నమ్మించడానికి ఒక్కోసారి జీవితమంతా చెప్పినా చాలదు.