హమ్మయ్య పుట్టినచోటు

పూర్వం ఒక రాజుగారు ఏనుగంత మనిషి. ఏటి ఒడ్డున ఆయన పల్లకీ దించగానే బోయీలు "హమ్మయ్య" అన్నారు. రాజుగారికి ఒళ్లు మండింది. వెంట ఉన్న ఆస్థాన పండితుడి వైపు తిరిగారు.

"ఆ మాటకు అర్థమేమిటి పండితా?"

"బరువు వదిలిందని, ప్రభూ."

"నేను బరువా? ఏరు దాటించండి, కోటలో మీకు కొరడా దెబ్బలే!"

నడి ఏట్లో ముందు బోయీ పైడయ్య కావాలనే తూలాడు. పల్లకీ ఒరిగింది. రాజుగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. అవతలి ఒడ్డున దిగగానే "హమ్మయ్య!" అనేశారు.

"తమరు ఏ బరువు దించారు ప్రభూ?" అన్నాడు పైడయ్య. "అది భయం తీరితే పుట్టే మాట. తమరిని ఎక్కడ పడేస్తామోనని మాకు రోజూ భయమే."

రాజుగారు మురిసిపోయి, కొరడా సంగతి వదిలేసి కోటలోకి వెళ్లారు.

తలుపు మూసుకున్నాక బోయీలు భుజాలు రుద్దుకుంటూ మెల్లగా "హమ్మయ్య" అనుకున్నారు. ఈసారి పండితుడు చెప్పిన అర్థంలోనే.